సర్దుకుపొమ్మంటున్నది ఎవరిని?

సర్దుకుపోవడం అన్న మాట మనకు కొత్తది కాదు. అత్తవారింటికి పంపేటప్పుడు తల్లి చెబుతుంది. మొగుడు కొట్టాడని పుట్టింటికి వస్తే పెద్దమనుషులు చెబుతారు. కూలి తక్కువైందని అడిగితే మేస్త్రీ చెబుతాడు. కిందటేడు అనంతపురంలో జరిగిన ఒక శిక్షణ సదస్సులో ఇదే మాట మళ్ళీ విన్నాను. ఈసారి చెప్పింది ఒక వాణిజ్య నిపుణుడు. అంతర్జాతీయ వాణిజ్య నియమాలు మారిపోయాయనీ, చిన్న పరిశ్రమలు వాటికి తగినట్టు సర్దుకుపోవాలనీ, లేకపోతే మార్కెట్‌లో నిలవలేవనీ ఆయన ఉపన్యాసం సారాంశం.

వేరుశనగ మీద ఆధారపడి బతికే చిన్న వ్యాపారుల కోసం పెట్టిన సదస్సు అది. ముందు వరుసల్లో కాయలు ఒలిచే మిల్లుల యజమానులు, కమీషన్ ఏజెంట్లు కూర్చున్నారు. చివరి వరుసలో మా సంఘం నుంచి వెళ్ళిన ఆరుగురు ఆడవాళ్ళం. నలుగురు చిక్కీలు తయారుచేసే పొదుపు గ్రూపువాళ్ళు. ఒకామె పదిహేనేళ్ళుగా మిల్లులో గింజలు ఏరే పని చేస్తోంది. ఆరోదాన్ని నేను. తెరమీద చూపించినవన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. హాజరు పట్టికలో మాత్రం మహిళా పారిశ్రామికవేత్తల సంఖ్య బాగానే కనిపించింది. సబ్సిడీ కోసం యూనిట్‌ను భార్య పేరున రాయించిన వాళ్ళు, సంతకం పెట్టడానికి ఆమెను వెంట తీసుకొచ్చారు.

భోజనాలకు ముందు, సందేహాలుంటే అడగండి అన్నారు. మిల్లులో పనిచేసే ఆమె లేచి నిలబడింది.

"సార్, బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకపోయినవి మేము ఏరి పక్కన పెడతాము. మంచివి బయట దేశాలకు పోతాయంటిరి. మరి మేము ఏరేసినవి యాడికి పోతాయి?"

ముందు వరుసలో ఎవరో నవ్వారు. అది ఈ సదస్సు పరిధిలోకి రాదని నిపుణుడు చెప్పి కూర్చున్నాడు. ఆమె కూడా కూర్చుంది. సాయంత్రం బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు ఆ ప్రశ్నే తిరుగుతూ ఉంది. వాణిజ్య నియమాల మీద మనం ఇన్నేళ్ళుగా ఎన్నో మాట్లాడాం, రాశాం. ఆ ఒక్క ప్రశ్న ఎందుకు వేసుకోలేదు?

నియమం వెనక కథ

కొత్తగా పనిలోకి వచ్చిన కార్యకర్తల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. 1991 చివర డంకెల్ ముసాయిదా వచ్చింది. 1994 ఏప్రిల్‌లో మొరాకోలోని మర్రకేష్‌లో సంతకాలయ్యాయి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైంది. ఆ రోజుల్లో నేనూ ఊరేగింపుల్లో నడిచినదాన్నే. విత్తనం మీద రైతుకు హక్కు పోతుందన్నాం. సబ్సిడీలు పోతాయన్నాం. కానీ ఆ ఒప్పందాల కట్టలో ఆహార భద్రత, జంతువుల, మొక్కల ఆరోగ్య రక్షణ గురించి ఎస్.పి.ఎస్. ఒప్పందం అని ఒకటుందనీ, అది మన చెనిక్కాయ చేను దాకా వస్తుందనీ మాలో ఎవరం పట్టించుకోలేదు. మన కళ్ళు సుంకాల మీద ఉన్నాయి. సుంకాలు తగ్గుతున్న కొద్దీ ప్రమాణాల ప్రాధాన్యం పెరుగుతూ వచ్చింది.

వేరుశనగకు సంబంధించి ఆ ప్రమాణం పేరు అఫ్లాటాక్సిన్. ఒక రకం బూజు తయారుచేసే విషం అది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయినప్పుడు కారణం వెతికితే, వాటికి దాణాగా పెట్టిన వేరుశనగ చెక్కలో ఈ విషం దొరికింది. కాలేయానికి కాన్సర్ తెస్తుందని తర్వాత రుజువైంది. 1999 నుంచి యూరప్ దేశాలన్నీ కలిసి ఒకే హద్దు పెట్టుకున్నాయి. నేరుగా తినే వేరుశనగలో అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే నూరు కోట్ల పాళ్ళలో 4 పాళ్ళు. అదే కాలంలో మన దేశంలో కల్తీ నిరోధక నియమాల కింద ఉన్న హద్దు 30. ఆ తర్వాత మన హద్దునూ తగ్గించారు. కానీ యూరప్‌కు పోయే లాటును పరీక్ష చేసినట్టు, మన సంతలో పోసిన రాశిని ఎవరైనా పరీక్ష చేయగా మీరెవరైనా చూశారా? నేను చూడలేదు.

ఇక్కడ మన మిత్రుల్లో రెండు వాదనలున్నాయి. ఈ ప్రమాణాలన్నీ పేద దేశాల సరుకును ఆపడానికి పెట్టిన సాకులేనని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. హద్దు ఎంత ఉండాలన్నది ఎవరు నిర్ణయించారు, మనల్ని ఎవరైనా అడిగారా అన్నది న్యాయమైన ప్రశ్న. కానీ విషం సాకు కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కామెర్లతో చనిపోయారు. కారణం అఫ్లాటాక్సినేనని తేల్చింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. చచ్చిపోయినవాళ్ళకు ఆ గింజలు పాడయ్యాయని తెలియక కాదు. పారబోస్తే తినడానికి ఇంకేమీ లేదు. అందుకని ఇదంతా సామ్రాజ్యవాదుల కుట్ర అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే, మన పిల్లల కడుపులో పడే విషాన్ని మనమే మరిచిపోయినట్టవుతుంది. రెండో వాదన, ఆ సదస్సులో విన్నది. నియమం వచ్చింది కాబట్టి సర్దుకుపోవాలి అంతే. ఎవరు సర్దుకోవాలి, దేన్ని వదులుకుని సర్దుకోవాలి అన్నది ఈ వాదన అడగదు. నేను ఈ రెండింటితోనూ పూర్తిగా ఏకీభవించలేను.

కరువుకీ బూజుకీ ఉన్న చుట్టరికం

బూజు తడిలో పడుతుందని అందరికీ తెలుసు. కరువు నేలలో ఎందుకు పడుతుంది? చాలామందికి తెలియనిదీ, అనంతపురానికి ముఖ్యమైనదీ ఇదే. జూన్, జూలైలో విత్తుతారు. కాయ ఊరే సమయానికి, అంటే చివరి నెలా నెలన్నర రోజుల్లో వాన మొహం చాటేస్తే, నేల వేడెక్కుతుంది, చెట్టు నీరసిస్తుంది, కాయ పగుళ్ళిస్తుంది. నేలలో ఎప్పుడూ ఉండే ఆ బూజు అప్పుడు లోపలికి పోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. ఆ వాన కూడా ఎప్పుడు పడాలో అప్పుడు పడదు. ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగే వేశారు. పంట చేతికొచ్చిన ఏడాది కూడా చివరి వాన తప్పితే, ఆ పంటలో కొంత విషంతోనే ఇంటికొస్తుంది. దిగుమతి చేసుకునే దేశం చూసేది పరీక్ష కాగితాన్ని. ఆశ్వయుజంలో వాన పడిందా లేదా అని అది అడగదు.

పీకిన తర్వాత జరిగేది మనిషి చేతిలో ఉంది. ఆ మనిషి ఎక్కువసార్లు ఆడమనిషే. చెట్టు పీకేది, ఆరబెట్టేది, కాయ దూసేది, ఎండిపోయి చచ్చిన చెట్ల కాయను వేరుచేసేది ఆమె. సరిగ్గా ఆరని చెట్టును వామి వేస్తే బూజు పెరుగుతుంది. కాయల్లో తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలని శాస్త్రవేత్తలు చెబుతారు. కానీ అప్పులవాడు కళ్ళంలోనే నిలబడి ఉంటే ఎన్నాళ్ళు ఎండబెట్టగలదు? మిల్లుకు చేరాక ఇంకో ఘోరం. మిషన్‌లో గింజ పగలకుండా ఉంటుందనీ, తూకం కలిసొస్తుందనీ కాయలమీద నీళ్ళు చల్లుతారు. బూజుకు అంతకన్నా ఏం కావాలి? "చల్లొద్దని చెప్పేదానికి మేమెవరం మేడం, ఓనరు చల్లమంటాడు, చల్లతాము" అంది మా ఏరేపని ఆమె. ఆమెకు పదిహేనేళ్ళ అనుభవం ఉంది. ఏ రాశి ఎక్కడినుంచి వచ్చిందో, ఏది తడిసిందో చేత్తో పట్టుకుని చెప్పగలదు. మిల్లులో ఆమెకు ఒక మాట చెప్పే హక్కు మాత్రం లేదు.

ఏరే పని

మీలో చాలామంది ఒలిచే మిల్లులోపలికి వెళ్ళి ఉండరు. రేకుల షెడ్డు. కింద గోనెపట్టాలు. వరుసగా కూర్చున్న ఆడవాళ్ళు, ముందు గింజల కుప్ప. కళ్ళు ఎత్తకుండా పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెడ్డ గింజను ఏరుతూనే ఉంటారు. మెడ, నడుము, కళ్ళు పోతాయి. పైన తేలే దుమ్ములో ఆ బూజే ఉంటుంది. మూతికి చీరకొంగు తప్ప ఇంకేమీ లేదు. ఎగుమతి లాటు పరీక్షలో నెగ్గిందంటే అందులో సగం ఆమె కళ్ళు చేసిన పని. వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా నడిపే కంప్యూటర్ వ్యవస్థలో ఆ లాటు ఏ యూనిట్‌లో తయారైందీ, ఏ లాబొరేటరీలో పరీక్షించిందీ అన్నీ నమోదవుతాయి. ఏరినవాళ్ళ ఊసు ఎక్కడా ఉండదు. వాళ్ళది నైపుణ్యం లేని పని కింద లెక్క, ఆ లెక్కనే కూలి.

ఇప్పుడు పెద్ద మిల్లులు రంగును బట్టి గింజను ఏరే మిషన్లు పెడుతున్నాయి. పది మంది పని ఒక మిషన్ చేస్తుంది. నియమానికి సర్దుకుపోవడం అంటే పెద్ద యజమానికి మిషన్ కొనడం. అప్పు పుట్టని చిన్న మిల్లుకు మూతపడటం. ఏరే ఆమెకు పని పోవడం. ఒకే మాటకు ముగ్గురికి మూడు అర్థాలు.

మా చిక్కీ గ్రూపు అనుభవం కూడా చెప్పాలి. విదేశాలకు పంపే వ్యాపారి ఒకాయన శాంపిల్ చూసి బాగుందన్నాడు. అఫ్లాటాక్సిన్ పరీక్ష కాగితం తెమ్మన్నాడు. పరీక్షకు దూరపు నగరానికి పంపాలి. ఒక్క శాంపిల్‌కు అడిగిన ఫీజు మా గ్రూపు నెలరోజుల లాభాన్ని మించింది. పైగా ఈ విషం రాశి అంతటా సమానంగా ఉండదు. వేల గింజల్లో ఏ ఒకటి రెండింటిలోనో ఎక్కువగా పేరుకుని ఉంటుంది. ఒక గుప్పెడు నెగ్గితే పక్క గుప్పెడు తప్పొచ్చు. నూరు లాట్లు పంపేవాడు ఒకటి తిరిగొస్తే తట్టుకుంటాడు. ఒకే లాటు ఉన్న ఎనిమిది మంది ఆడవాళ్ళు తట్టుకోలేరు. ఆ ఆర్డరు మేం వదులుకున్నాం.

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టుకునే ఎలీసా పరీక్షా పద్ధతిని ఎప్పుడో తయారుచేశారు. అంటే విజ్ఞానం లేక కాదు. అది మార్కెట్ యార్డు దాకా, మా గ్రూపు దాకా రాలేదు.

అడగని చోట వంగినవాళ్ళు

నియమాలకు లొంగక తప్పదు అంటున్న ప్రభుత్వం, నియమం ఇచ్చిన హక్కును ఎలా వాడుకుందో కూడా చూడాలి. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టారు. తొంభైల మొదటికి వంటనూనెల దిగుమతి బాగా తగ్గిపోయింది. 1994లో పామోలిన్ దిగుమతిని స్వేచ్ఛగా వదిలారు. అప్పుడు సుంకం 65 శాతం. 1995లో మిగతా నూనెల్లో చాలావాటినీ వదిలి సుంకాన్ని 30కి దించారు. 1998కల్లా అది 15కి వచ్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో మనం రాసిచ్చిన హద్దు ప్రకారం పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసే హక్కు మనకుంది. ఇంతగా తగ్గించమని జెనీవా అడగలేదు. మన ప్రభుత్వమే తగ్గించింది. 2008లో ముడి పామాయిల్ మీద సుంకాన్ని సున్నా చేసింది. 2024 సెప్టెంబరులో ముడినూనెల మూల సుంకాన్ని 20 శాతానికి పెంచి, 2025 మే చివర మళ్ళీ 10కి దించింది. ఇవాళ మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తోంది.

నూనె ధర తగ్గితే పట్నంలోని పేద ఇల్లాలికి మేలే కదా అని ఎవరైనా అడగవచ్చు. మేలే. కానీ ఆమెకు చౌకగా నూనె ఇవ్వడానికి చౌక డిపో ఉంది, సబ్సిడీ ఉంది. అనంతపురం రైతు కుటుంబానికి గిట్టుబాటు ధర తప్ప ఇంకేముంది? 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె తిని జనం చనిపోయాక విడి నూనె అమ్మకాల మీద ఆంక్షలు పెట్టి, ప్యాకింగ్ ఉత్తర్వు తెచ్చారు. ప్యాకింగ్ మిషన్ కొనగల కంపెనీ నిలబడింది. ఊళ్ళో గానుగ ఆడించి చెంబుతో కొలిచి అమ్మేవాడు నేరస్థుడిలా నిలబడ్డాడు. ఒక పక్క నూనె ధర, ఇంకో పక్క ప్రమాణాల ఖర్చు. ఈ రెంటి మధ్య నలిగిన రైతు కుటుంబాల్లో ఎంతమంది ఆడవాళ్ళు, తమ పేర పట్టా కూడా లేకుండా, భర్త చేసిన అప్పులకు వారసులయ్యారో మన జిల్లాలో పనిచేసేవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఆమె ప్రశ్నకు జవాబు

సదస్సు తర్వాత ఆ జవాబు కోసం నేనూ, సంఘంలోని ఇద్దరూ మూడు నాలుగు మిల్లుల చుట్టూ తిరిగాం. ఎవరూ దాచలేదు. దాచాల్సిన విషయమని కూడా వాళ్ళకు తోచలేదు. ఏరేసినవి నూనె ఆడించేవాళ్ళకు పోతాయి. నూనె తీశాక విషంలో ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క పాడి పశువులకు పోతుంది. అక్కడినుంచి కొంత పాలలోకి వస్తుంది. మరీ పాడుకానట్టు కనిపించేవి చౌకగా సంతలోకి పోతాయి, పప్పుండలవుతాయి, హోటల్ చట్నీ అవుతాయి. మిగిలిన చూరు, ఏరిన ఆడవాళ్ళకే తక్కువ ధరకు ఇస్తారు. మా ఆమెను అడిగాను, నువ్వు తీసుకెళ్తావా అని. "తీసకపోతా కదక్కా, పిల్లోల్లకు ఉడకేస్తా. విషమని నాకెవురు చెప్పినారు?" అంది. ఉడకేసినా, వేయించినా ఆ విషం పూర్తిగా పోదని అప్పుడు నేను ఆమెకు చెప్పాల్సి వచ్చింది. అంత కష్టంగా నేను ఏ శిక్షణా ఇవ్వలేదు.

యూరప్ పిల్లల కోసం విషాన్ని ఏరి పక్కనపెట్టే చేతులు, దాన్నే సొంత పిల్లలకు పెడుతున్నాయి. దీన్నా మనం నియమాలకు సర్దుకుపోవడం అంటున్నది?

అందుకని నా అభిప్రాయం ఇది. ప్రమాణాన్ని వ్యతిరేకించవద్దు. ప్రమాణం ఎగుమతికే కాదు, మనకూ కావాలని అడుగుదాం. దాని ఖర్చును అడుగున ఉన్న ఆడవాళ్ళ మీద వేయడాన్ని వ్యతిరేకిద్దాం. ఎస్.పి.ఎస్. ఒప్పందం తొమ్మిదో అధికరణ వెనకబడిన దేశాలకు సాంకేతిక సహాయం గురించి, పదో అధికరణ వాటి అవసరాలను లెక్కలోకి తీసుకోవడం గురించి, ఎక్కువ గడువుల గురించి మాట్లాడతాయి. సహాయం అనేది స్టార్ హోటల్ సదస్సుగా కాకుండా, మార్కెట్ యార్డులో పరీక్షా కేంద్రంగా రావాలని మన ప్రభుత్వాలు గట్టిగా ఎందుకు అడగవు?

మనం అడగాల్సినవి ఇవి. వేరుశనగ పండే ప్రతి ప్రాంతంలో మార్కెట్ యార్డు దగ్గర చిన్న రైతులకూ, మహిళా గ్రూపులకూ ఉచితంగా పరీక్ష చేసే ఏర్పాటు ఉండాలి. ప్రతి మిల్లూ ఏరేసిన గింజలకు లెక్క చూపాలి, అవి తిండిలోకీ దాణాలోకీ పోకుండా ప్రభుత్వమే కొని వేరే వాడకానికి మళ్ళించాలి. లేకపోతే ఆ నష్టం చివరికి కూలి మీదే పడుతుంది. ఏరే పనిని నైపుణ్యం ఉన్న పనిగా గుర్తించి ఆ కూలి ఇవ్వాలి, మూతికి మాస్కులూ, ఏడాదికోసారి వైద్య పరీక్షలూ ఉండాలి. మిషన్ పెట్టేచోట ముందు ఆ ఆడవాళ్ళకే దాన్ని నడపడం నేర్పాలి. శిక్షణలు తెలుగులో, మిల్లు దగ్గర, కళ్ళం దగ్గర జరగాలి, ఆ రోజు కూలి ఇవ్వాలి. 2020లో మన రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో చిక్కీ చేర్చారు. బయటి దేశపు ఆర్డరు కోసం ఎదురుచూసే బదులు, అలాంటి ఆర్డర్లు పరీక్ష చేసిన వేరుశనగతో స్థానిక గ్రూపులకే ఇచ్చి, బిల్లులు సకాలంలో చెల్లిస్తే, మా వాళ్ళు ఏ ప్రమాణానికైనా తలెత్తుకుని నిలబడగలరు.

ఇవన్నీ రేపే వస్తాయని నేననుకోవడం లేదు. అయితే ఒక పని రేపే చేయవచ్చు. మీ ప్రాంతంలో వేరుశనగ కావచ్చు, మిరప కావచ్చు, రొయ్యలు కావచ్చు, బయటి దేశాలకు సరుకు పంపే ఏ పని ఉన్నా, అక్కడికి వెళ్ళి ఏరేవాళ్ళు, వలిచేవాళ్ళు, కడిగేవాళ్ళు ఎవరో చూడండి. వాళ్ళు ఏరేసింది ఎటు పోతోందో అడగండి. తెలిసింది పత్రికకు రాయండి. మా సంఘంలో ఈ మధ్య ప్రతి నెలా మిల్లు ఆడవాళ్ళతో కూర్చుంటున్నాం. చూరు ఇంటికి తీసుకెళ్ళకూడదని మొదటి సమావేశంలోనే వాళ్ళు నిర్ణయించుకున్నారు. అయితే దాని బదులు కూలి పెంచాలని యజమానులను అడగాలన్నది రెండో నిర్ణయం. మొదటిది అమలవుతోంది. రెండోదానికి మిల్లువాళ్ళు ఇచ్చిన జవాబు మీరు ఊహించే ఉంటారు. ఈ సీజనుకు సర్దుకుపొమ్మన్నారు.

సర్దుకుపోమని వాళ్ళు చెప్పారు. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం.